క్లైమాక్స్ తర్వాత మొదలయ్యే కథ

*సినిమాలో జడ్జిగారు తీర్పు చదవగానే హాల్లో లైట్లు వెలుగుతాయి. ముదిగుబ్బ తల్లికి మాత్రం అసలు రీలు అక్కడే మొదలవుతుంది!*

కోర్టు సీనంటే మన తెలుగువాళ్ళకి చెవి కోసుకునేంత ఇష్టం. బోనులో హీరోయిన్, నల్లకోటులో లాయరు, బల్లమీద సుత్తి దెబ్బ, "ఆర్డర్, ఆర్డర్" అనే కేక... ఇవి ఉంటే చాలు, నేల టిక్కెట్టు నుంచి బాల్కనీ దాకా ఈలలే ఈలలు!

1981లో "న్యాయం కావాలి" వచ్చినప్పుడు జరిగింది అదే. డి. కామేశ్వరి గారి "కొత్త మలుపు" నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి తీసిన సినిమా. నమ్మించి మోసం చేసిన కుర్రవాడుగా చిరంజీవి, బిడ్డతో సహా కోర్టుకెక్కిన అమ్మాయిగా రాధిక, ఆమె తరఫున వాదించే లాయరుగా శారద. ఆ కథ ఎంతగా పట్టిందంటే 1983లో హిందీకి, 1984లో "విధి" పేరుతో తమిళానికీ వెళ్ళింది. "ఈ బిడ్డకి తండ్రెవరు?" అన్న ప్రశ్న మూడు భాషల్లోనూ జనాన్ని కుర్చీల్లోంచి కదలనివ్వలేదు.

అంతకు ముందు కూడా అంతే. 1963లో "లవకుశ" చూడ్డానికి బళ్ళు కట్టుకుని వెళ్ళారు మన తాతలూ అమ్మమ్మలూ. రాముడంతటివాడు వదిలేస్తే అడవిలో సీతమ్మ ఒక్కతే ఇద్దరు పిల్లల్ని పెంచింది. 1966లో ఏవీఎం వారి "లేత మనసులు" వచ్చింది. విడిపోయిన తల్లిదండ్రుల మధ్య నలిగిపోయే కవల పిల్లలుగా కుట్టి పద్మిని నటనకు కళ్ళు తుడుచుకోని వాళ్ళు లేరు.

కానీ ఒక్క సంగతి గమనించారా? మన సినిమాల్లో బిడ్డకి తండ్రి *పేరు* దొరకడంతో "శుభం" కార్డు పడిపోతుంది. ఆ మర్నాడు పొద్దున బిడ్డ పాలకి డబ్బులెవరిస్తారు? బడి ఫీజెవరు కడతారు? జ్వరమొస్తే ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు? ఈ ప్రశ్నలకి ఏ సినిమాలోనూ రీలు మిగలదు.

ఆ మిగలని రీలే ఈ వ్యాసం!

ముదిగుబ్బ నుంచి బెంగుళూరు బస్సు

అనంతపురం నుంచి కదిరికి వెళ్ళే దారిలో తగులుతుంది ముదిగుబ్బ. ధర్మవరం - పాకాల రైలు మార్గంలో దానికో స్టేషనూ ఉంది. ఒకప్పుడు అనంతపురం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారినా ఆకాశం మారలేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే వాన, ఎర్రనేల, రాళ్ళగుట్టలు, నమ్ముకుంటే ఒక ఏడు పండి మూడేళ్ళు ఎండబెట్టే శెనక్కాయ పంట.

వాన మొహం చాటేస్తే మగవాళ్ళు బస్సెక్కుతారు. బెంగుళూరులో సెంట్రింగు పని, గార పని, సెక్యూరిటీ ఉద్యోగం. చాలామంది డబ్బు పంపుతారు, పండక్కి వస్తారు. కొందరు మాత్రం రారు. ఫోన్ నంబరు మారుతుంది. ఆ తర్వాత ఎవరో చెబుతారు: "మీ ఆయన అక్కడే ఇంకో సంసారం పెట్టినాడంట గదా!"

అటువంటి ఒక తల్లిని ఊహించుకుందాం. పేరు అక్కర్లేదు. ఇద్దరు పిల్లలు, పుట్టింటి వసారాలో ఒక మూల, కూలి దొరికిన రోజు సంగటి, దొరకని రోజు అదీ లేదు. ఆమెను అడిగితే ఏమంటుంది?

"కోర్టా? అది దుడ్లున్నోళ్ళకు గదన్నా! ఆయప్ప యాడుండాడో గూడా తెలీదు. నేనేం చేద్దును?"

ఇక్కడే ఆగుదాం. ఈ మాటలో రెండు అపోహలున్నాయి. కోర్టు డబ్బున్నవాళ్ళకే అన్నది ఒకటి. మనిషి దూరంగా ఉంటే ఏమీ చేయలేమన్నది రెండోది. రెండూ తప్పే!

నూటపాతిక... ఇప్పుడు నూట నలభై నాలుగు

భార్యకీ పిల్లలకీ మనోవర్తి ఇప్పించే సెక్షన్ అనగానే పాతవాళ్ళకి గుర్తొచ్చే నంబరు 125. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది ఉండేది. అంతకు ముందు 1898 నాటి చట్టంలో దాని నంబరు 488. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. అందులో దాని నంబరు 144. నంబర్లు మారాయిగానీ ప్రాణం ఒక్కటే: స్తోమత ఉండి కూడా భార్యాబిడ్డల్ని పోషించనివాడి చేత కోర్టు పోషింపజేస్తుంది.

దీనికి మతం అడ్డుకాదు, కులం అడ్డుకాదు. ఇంకా పెద్ద మాట, పెళ్ళి కూడా అడ్డుకాదు! తల్లిదండ్రులకి పెళ్ళైనా కాకపోయినా బిడ్డ బిడ్డే అంటుంది ఈ సెక్షన్. "న్యాయం కావాలి"లో రాధిక పాత్ర ఈ సెక్షన్ కింద బిడ్డ కోసం అర్జీ పెట్టి ఉంటే, పెళ్ళి కాలేదన్న ఒక్క సాకుతో దాన్ని కొట్టెయ్యడానికి కుదిరేది కాదన్నమాట.

తల్లి మీద తండ్రికి ఎన్ని ఫిర్యాదులైనా ఉండొచ్చు. "ఆమె నడవడి మంచిది కాదు", "ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంది" అనొచ్చు. అవి ఆమె మనోవర్తికి సంబంధించిన వాదాలు. బిడ్డ అన్నం దగ్గరకి ఆ వాదాలు రాకూడదు. అమ్మానాన్నల తగాదాకి బిడ్డ సాక్షేగానీ ముద్దాయి కాదు గదా!

అయితే ఎన్నేళ్ళ దాకా? ఈ సెక్షన్ కింద సాధారణంగా 18 ఏళ్ళ దాకా. ఆ తర్వాత కూడా శారీరక, మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని స్థితి ఉంటే హక్కు కొనసాగుతుంది. హిందూ కుటుంబాల్లో పెళ్ళికాని కూతురికి 1956 నాటి దత్తత, మనోవర్తి చట్టం కింద 18 దాటినా అడిగే వేరే దారి ఉందని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాలేజీలో చదివే అక్కయ్యలు ఈ ముక్క గుర్తుంచుకోవాలి!

తల్లి కూడా సంపాదిస్తుంటే? అప్పుడు భారం ఇద్దరిదీ, ఎవరి సంపాదన మేరకు వారిది. 2000లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది.

ఐదువందల రూపాయల గోడ

ఒకప్పుడు ఈ సెక్షన్‌కి ఒక విచిత్రమైన గోడ ఉండేది. 1955లో పెట్టిన హద్దు ప్రకారం నెలకి 500 రూపాయలు మించి ఇప్పించడానికి వీల్లేదు. బంగారం ధర పెరిగింది, బియ్యం ధర పెరిగింది, సినిమా టిక్కెట్టు ధర పెరిగింది. ఆ 500 మాత్రం కదల్లేదు! 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ 500 కుటుంబం మొత్తానికి కాదు, ఒక్కొక్కరికి అని అర్థం చెప్పి కాస్త ఊపిరి పోశారు. చివరికి 2001లో పార్లమెంటు ఆ గోడనే పడగొట్టింది. ఇప్పుడు హద్దు లేదు. తండ్రి ఆదాయం, బిడ్డ అవసరం, ఈ రెండే కొలమానం.

అదే సవరణతో ఇంకో మేలు జరిగింది. తుది తీర్పు వచ్చేదాకా బిడ్డ ఆకలి ఆగదు కనుక మధ్యంతర భృతి అడగొచ్చు. అవతలివాడికి నోటీసు అందిన నాటి నుంచి 60 రోజుల్లో వీలైనంత వరకు ఆ అర్జీ తేల్చాలని చట్టంలోనే రాశారు.

రాశారు సరే, జరుగుతోందా? 2014లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక కేసు చూడండి. ఒక తల్లీ కొడుకూ 2002లో అర్జీ పెట్టుకుంటే ఫ్యామిలీ కోర్టులో తేలింది 2011లో. తొమ్మిదేళ్ళు! అర్జీ పెట్టిన రోజున ఒకటో తరగతి పిల్లాడు, తీర్పు వచ్చిన రోజుకి హైస్కూలు పూర్తి చేసే వయసు. ఈ జాప్యం మీద సుప్రీంకోర్టు గట్టిగానే ఆవేదన పడింది.

మన దగ్గర నుంచి వెళ్ళిన కేసులు

ఢిల్లీలో తీర్పులొస్తే మనకేమిటి అనుకోకండి. ఈ చట్టాల కథలో మన తెలుగు నేలకి పెద్ద పాత్రే ఉంది.

"మరోచరిత్ర"తో దేశమంతా పేరు తెచ్చుకున్న నటి సరిత గుర్తుంది గదా? ఆమె మీద భర్త కడప కోర్టులో దావా వేశాడు, భార్య కాపురానికి రావాలని. ఆ వివాదం హైకోర్టుకి వెళితే 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి సంచలన తీర్పిచ్చారు. ఇష్టం లేని మనిషిని కోర్టు డిక్రీతో కాపురానికి పంపడం రాజ్యాంగానికే విరుద్ధమన్నారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని ఒప్పుకోలేదు, సెక్షన్ నిలిచింది. కానీ ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ లా కాలేజీల్లో మోగుతూనే ఉంది.

దీనికీ మనోవర్తికీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది! "కాపురానికి రానన్నది, కాబట్టి డబ్బివ్వను" అనేది మొగుళ్ళకి ఇష్టమైన డైలాగు. కాపురానికి రావాలని డిక్రీ ఉన్నా, అంతమాత్రాన భార్య మనోవర్తి పోదని, ఆమె రాకపోవడానికి తగిన కారణం ఉందేమో చూడాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ డైలాగుకి ఇక కత్తెర పడినట్టే!

2024 జులై 10న ఇంకో పెద్ద తీర్పు. అది తెలంగాణ నుంచి వెళ్ళిన కేసు. ఫ్యామిలీ కోర్టు నెలకి 20,000 మధ్యంతర భృతి వేస్తే, హైకోర్టు దాన్ని 10,000 చేసింది. విడాకులైన ముస్లిం మహిళకి ఈ సెక్షన్ వర్తించదని భర్త సుప్రీంకోర్టుకెక్కాడు. జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ ఆగస్టీన్ జార్జ్ మసీహ్ వర్తిస్తుందని చెప్పారు. 1985లో షాబానో కేసుతో మొదలైన పెద్ద చర్చకి అది ఒక ముగింపు. ముస్లిం పిల్లల విషయంలోనైతే 1997లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: మేజరయ్యేదాకా తండ్రి పోషించాల్సిందే.

"నాకు పనే లేదు సార్!"

కోర్టులో నటన సినిమాలో కన్నా బాగుంటుందంటారు. కారులో వచ్చినవాడు బస్టాండు వెనక కారు దాచి, నలిగిన చొక్కాతో బోనెక్కుతాడు. "నాకు సంపాదన లేదు సార్, మా నాయన మీద బతుకుతున్నా" అంటాడు. ఈ నటనకి అవార్డులివ్వడం మానేయాలని 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు రజనేష్ - నేహా కేసులో గట్టి ఏర్పాటు చేసింది. ఆ తీర్పిచ్చిన ఇద్దరిలో మన తెలుగువారు జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఒకరు.

ఆ ఏర్పాటేమిటంటే, ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, సంపాదన, ఖర్చు అన్నీ ప్రమాణపత్రంలో రాసి కోర్టుకివ్వాలి. అబద్ధం రాస్తే చర్య తప్పదు. ఇంకో గొప్ప మాట: మనోవర్తి తీర్పు రోజు నుంచి కాదు, *అర్జీ పెట్టిన రోజు* నుంచి లెక్కకట్టాలి. అంటే వాయిదాలు లాగి లాగి లాభపడదామనుకునేవాడికి ఆ లాభం లేదు. లాగినకొద్దీ బాకీ పెరుగుతుంది!

ఇక నిజంగానే ఉద్యోగం లేనివాడైతే? ఒళ్ళు బాగుండి, కాళ్ళూ చేతులూ ఆడుతున్న మనిషి కూలి చేసైనా భార్యాబిడ్డల్ని పోషించాల్సిందే అని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది, 2022లోనూ చెప్పింది. బెంగుళూరు సెంట్రింగు మేస్త్రికి జీతం చీటీ ఉండకపోవచ్చు. కానీ ఆ పనికి రోజు కూలి ఎంతో జడ్జిగారికీ తెలుసు.

ఆర్డరు వచ్చింది... డబ్బు రాలేదు!

అసలు కథ ఇక్కడుంది. మన ముదిగుబ్బ తల్లికి నెలకి పిల్లలిద్దరికీ కలిపి 3,000 ఆర్డరైందనుకుందాం. మొదటి నెల వచ్చింది, రెండో నెల సగం వచ్చింది, మూడో నెల నుంచి సున్నా. ఇప్పుడేం చెయ్యాలి?

మొదటి సంగతి: ఆర్డరు నకలు ఆమెకి డబ్బు తీసుకోకుండా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ కాగితం పెట్టెలో బట్టల మధ్య దాచుకోవాలి. ఇంటి పట్టా ఎంతో అదీ అంతే!

రెండో సంగతి: ఆ కాగితానికి ఊరి పొలిమేర లేదు. తండ్రి ఎక్కడుంటే అక్కడి మెజిస్ట్రేటు దాన్ని అమలు చేయొచ్చు. బెంగుళూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా తప్పించుకున్నట్టు కాదు. అర్జీ పెట్టడానికి కూడా తల్లి అతన్ని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఆమె ఉంటున్న జిల్లాలోనే పెట్టొచ్చు.

మూడోది: ఇవ్వకపోతే కోర్టు వారంటు వేసి జరిమానా వసూలు చేసినట్టే వసూలు చేయిస్తుంది. అప్పటికీ కట్టకపోతే కట్టని ఒక్కో నెలకి ఒక నెల దాకా జైలు. "జైలుకి పోయొచ్చా, బాకీ చెల్లు!" అని మీసం తిప్పేవాళ్ళకి సుప్రీంకోర్టు బదులిచ్చింది: జైలు బాకీ తీర్చదు. అది కట్టేలా చేయడానికే. బయటికొచ్చాక కూడా కట్టాల్సిందే.

సర్కారు ఉద్యోగమో, నెల జీతమో ఉన్నవాడైతే పని ఇంకా సులువు. జీతం జప్తు చేయించొచ్చు. మామూలు అప్పులకి జీతంలో పెద్దభాగం తాకకుండా కాపాడే సివిల్ చట్టమే, మనోవర్తి డిక్రీ అయితే మూడో వంతు మాత్రం అతనికి వదిలి మిగతాదాని మీద చెయ్యి వెయ్యనిస్తుంది.

నాలుగోది... దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి! వారంటు కోసం అడగాలంటే ఆ డబ్బు రావాల్సిన నాటి నుంచి *ఒక సంవత్సరం లోపల* అడగాలి. మన తల్లి "ఈ నెల ఇస్తాడేమో, వచ్చే నెల ఇస్తాడేమో" అని 30 నెలలు ఓపిక పట్టిందనుకోండి. నెలకి 3,000 చొప్పున బాకీ 90,000. కానీ ఆ రోజు వెళ్ళి అడిగితే ఈ దారిలో వారంటు పుట్టేది చివరి 12 నెలలకే, అంటే 36,000కి. మిగతా 54,000 ఆమె ఓపికకి పడిన జరిమానా!

ఎంతమంది తల్లులకి ఈ సంగతి తెలుసు? ఓపిక ఆడదానికి అలంకారం అని మన సినిమాలు పాటలు పాడాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం ఓపిక పిల్లల నోటి దగ్గర కూడు లాగేస్తుంది.

రచ్చకట్ట మీద తీర్పు

పల్లెల్లో కోర్టుకన్నా ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. "ఏమ్మా, ఒకేసారి యాభైవేలు ఇప్పిస్తాం, తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యి, ఇంక ఆయప్ప జోలికి పోవద్దు" అంటారు. ఆమెకి అప్పులున్నాయి, అన్నగారి ఇంట్లో మాటలున్నాయి. వేస్తుంది. పిల్లలిద్దరికీ 18 ఏళ్ళు వచ్చేదాకా ఆ యాభైవేలు నెలకి ఎన్ని రూపాయలో లెక్కకట్టేవాళ్ళు రచ్చకట్ట మీద ఎవరూ ఉండరు.

ఇక్కడొక ఊరట ఉంది. తల్లి తన హక్కు వదులుకుంటే వదులుకోవచ్చేమోగానీ, *పిల్లల* హక్కుని ఆమె వదిలేయడానికి వీల్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. వేలిముద్ర అమ్మది, అన్నం బిడ్డది! ఆ కాగితం చూసి భయపడి ఆగిపోనక్కర్లేదు.

అక్కడెలా ఉంది?

అమెరికాలో 1975లోనే పిల్లల భృతి వసూలుకి ప్రత్యేక ప్రభుత్వ వ్యవస్థ పెట్టారు. తండ్రి జీతంలోంచి యజమానే కోసి పంపిస్తాడు. బాకీ 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు ఇవ్వరు. స్వీడన్‌లో ఇంకా విడ్డూరం. తండ్రి ఇవ్వకపోతే ఒక హద్దు మేరకు ప్రభుత్వమే ముందు తల్లికి ఇచ్చి, తర్వాత తండ్రి దగ్గర వసూలు చేసుకుంటుంది. తండ్రి వెంట పరుగెత్తే పని తల్లిది కాదు, సర్కారుది!

మన దగ్గర పరుగంతా తల్లిదే. వాయిదాకి వెళ్ళిన రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ పోతుంది. వారంటు పట్టుకెళ్ళిన పోలీసు "ఆ చిరునామాలో లేడు" అని రాసి పంపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. చట్టం కత్తిలా ఉంది, పిడి పట్టుకునే చేతుల్లోనే సత్తువ చాలడం లేదు.

అందుకే ఆ చేతులకి తోడుండే దారులు తెలియాలి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకీ పిల్లలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. 15100 నంబరుకి ఫోన్ చేసినా, దగ్గరి కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార కమిటీకి వెళ్ళినా దారి చూపిస్తారు. భర్త వదిలేసిన పేద తల్లుల పిల్లలకి మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 సాయం అందే వీలుంది. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో అడగాలి. తండ్రి పనిచేసే చోటు, మేస్త్రి పేరు, ఫోన్‌లో డబ్బు పంపిన పాత లెక్కలు, అతను పెట్టిన కొత్త బండి ఫొటో, ఇవన్నీ సాక్ష్యాలే. పారెయ్యకండి!

మీకో మాట

ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఇరవై ఏళ్ళవాళ్ళు. ఈ కథ కొందరికి వింత, కొందరికి సొంత ఇంటి కథ. ఇంట్లో ఏటీఎం కార్డు వాడేదీ, ఫారాలు నింపేదీ మీరే. అమ్మ చేత అర్జీ రాయించగలిగేదీ మీరే. వీధిలో ఒక పిన్నో, అత్తో పిల్లల్ని పెట్టుకుని మౌనంగా ఉంటే "ఆర్డరు కాగితం ఉందా పిన్నీ? చివరి డబ్బు ఎప్పుడొచ్చింది?" అని అడగండి చాలు. ఏడాది దాటకముందే అడగండి.

అబ్బాయిలకి ఇంకో మాట. భార్యతో పొసగకపోవచ్చు. మనుషులన్నాక విడిపోవచ్చు. దానికి చట్టంలో దారులున్నాయి. కానీ మాజీ భార్య ఉంటుందిగానీ, మాజీ బిడ్డ అంటూ ఎక్కడా ఉండడు!

వెండితెర మీద తండ్రి పాత్రలు వందల కొద్దీ చూశాం. త్యాగం చేసిన తండ్రులకి చప్పట్లు కొట్టాం, క్లైమాక్స్‌లో పశ్చాత్తాపపడ్డవాళ్ళని క్షమించేశాం. ముదిగుబ్బ వసారాలో కూర్చున్న ఆ ఇద్దరు పిల్లలకి నాన్న కన్నీళ్ళూ అక్కర్లేదు, నాన్న డైలాగులూ అక్కర్లేదు. ప్రతి నెలా మొదటి వారంలో ఒక మూడువేలు చాలు.